పకోడీలో తెల్లనూక

ఇరవై ఆరేళ్లుగా ఒక మాటను లోపల మోసుకుంటూ తిరుగుతున్నాను. మొదట్లో అది బరువని తెలియలేదు. చెప్పులో పడ్డ ఇసుకరేణువులా ఉండేది, రెండడుగులు వేస్తే సర్దుకునేది. ఇప్పుడు సర్దుకోవడం లేదు. యాభై నాలుగేళ్లు వచ్చాయి. అలసిపోయాను. పని వల్ల కాదు, దాచడం వల్ల.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదనిపిస్తోంది. తెలిసినవాళ్ల ముఖం చూస్తూ చెబితే మధ్యలో ఎక్కడో నా తప్పును కాస్త చెక్కి సన్నం చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

విషయం ఉల్లిపాయ పకోడీతో మొదలైంది. నవ్వు వస్తే నవ్వండి. నేను కూడా చాలాకాలం అలాగే తీసేశాను. పకోడీ దగ్గర జరిగింది కదా, ఏమంత ఘోరం అనుకున్నాను.

అప్పుడు నేను కాశీబుగ్గలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని. మా ఊరు మందస దగ్గర, మాకు కాస్త భూమి, కొంత జీడితోట ఉన్నాయి. ఫ్యాక్టరీ యజమాని మాకు దూరపు చుట్టం, మావయ్య అని పిలిచేవాణ్ని. ఆ వరసతోనే ఆ ఉద్యోగం. కొత్తగా పెళ్లయింది. రైలు పట్టాలకు ఇవతల రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

జీడి ఫ్యాక్టరీలో పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. ఉడికించిన జీడి పిక్కలు ముందు కొట్టే షెడ్డుకు వస్తాయి. అక్కడి ఆడవాళ్లు పిక్కను చీల్చి పప్పు బయటికి తీస్తారు. ఆ పప్పుకు ఎర్రటి సన్నని తొక్క అంటుకునే ఉంటుంది. దాన్ని వేడి గదిలో ఆరబెట్టాక ఇంకో హాల్లో వేరే ఆడవాళ్లు తొక్క తీస్తారు. తెల్లపప్పు అక్కడ పుడుతుంది. తర్వాత గ్రేడింగు గది. గుండ్లు, బద్దలు, ముక్కలు, చివరికి నూక. కొట్టే షెడ్డు ఆడవాళ్లు గ్రేడింగు గది గడప తొక్కరు. తొక్కనివ్వరు.

సాయంత్రం గేటు దగ్గర ప్రతి ఆడమనిషి కొంగూ, బొడ్లో ముడీ విప్పి చూపించి బయటికి వెళ్లాలి. సూపర్‌వైజర్లను ఎవరూ సోదా చేయరు.

నీలవేణి కొట్టే షెడ్డులో పనిచేసేది. ఈ పేరు మార్చలేదు, ఎందుకు మార్చలేదో తర్వాత చెబుతాను. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. ఉద్దానం తీరంలో ఒక చేపల వేటగాళ్ల పల్లె ఆమెది. భర్త వేట కోసం వేరే రేవులకు వెళ్లి నెలల తరబడి ఉండిపోయేవాడు. ఆమె కూతురితో కాశీబుగ్గలో మా వీధి వెనక సందులో ఉండేది. అందరూ నీలవేణక్క అనేవారు, నేను కూడా. ఆమె నన్ను బావూ అనేది.

ఒక వానసాయంత్రం ఏదో చెప్పడానికి ఆమె ఇంటికి వెళితే, మాట మధ్యలోనే రేకు కంచంలో పకోడీ పెట్టింది. అంత కరకరలాడే పకోడీ నేను ఇంట్లో ఎప్పుడూ తినలేదు. నా భార్య చేసేవి బోండాల్లా వచ్చేవి, పైన ఎర్రగా, లోపల ముద్దగా. ఆ మాట నీలవేణక్కతో అన్నాను. తప్పు నీ పెళ్లాంది కాదు, నీళ్లది అని నవ్వింది. పిండిలో నీళ్లు పోస్తే పకోడీ కాదు, గారెకు చెల్లెలవుతుంది అంది.

తర్వాతి ఆదివారం మా ఇంటికి వచ్చి నేర్పింది. వంటింటి గడప మీద కూర్చుని నోటితోనే నేర్పింది. పిక్క పెంకులోంచి కారే జీడి పాలు తగిలి ఆమె వేళ్లు ఎప్పుడూ పొక్కిపోయి ఉండేవి, ఉప్పు తగిలితే మంట. అందుకని పని అంతా నా భార్య చేత చేయించింది. ఉల్లిపాయలు నిలువుగా సన్నంగా కోయించింది. ఉప్పు వేసి, రేకలు విడిపోయేదాకా గట్టిగా పిసికించింది. పది నిమిషాలు వదిలేయమంది. ఉల్లిపాయ తన నీళ్లు తానే ఇస్తుంది, ఆ తడికి ఎంత పిండి అంటుకుంటే అంతే. శనగపిండి, గుప్పెడు బియ్యప్పిండి, పచ్చిమిర్చి, కరివేపాకు, ఒక గరిటె కాగిన నూనె. ముద్దలు చేయకుండా వేళ్లతో రేకలు రేకలుగా రాల్చమంది. నూనె చప్పుడు తగ్గాక తీసి, కుప్ప పోయకుండా పళ్లెంలో పరచమంది. కుప్ప పోస్తే ఆవిరికి మెత్తబడతాయి. ఆ రోజు మా ఇంట్లో మొదటిసారి పకోడీ పకోడీలా వచ్చింది. నా భార్య సంతోషంతో ఆమెకు సగం పొట్లం కట్టిచ్చింది.

నీలవేణక్క జీడిపప్పు మాటే ఎత్తలేదు. పకోడీలో కాదు గదా, పాయసంలో కూడా ఆమె వేసుకోదు. పొద్దస్తమానం ఆ వాసనలోనే ఉండి, ఇంటికొచ్చి మళ్లీ అదేనా అనేది.

నూక వేస్తే ఇంకా బాగుంటుందని అనుకున్నది నేను.

మరుసటి శనివారం గ్రేడింగు గదిలో టిఫిను డబ్బాలోకి గుప్పెడు తెల్లనూక వేసుకున్నాను. తోటి సూపర్‌వైజర్లు కూడా తీసుకెళ్లేవారు, దాన్ని ఎవరూ దొంగతనం అనేవారు కాదు. అయితే నేను ఎందుకు డబ్బా మూత పెట్టేముందు తలుపు వైపు చూశాను? చూశాను. అది గుర్తుంది.

ఇంట్లో నా భార్య ఈ నూక ఎక్కడిదని అడిగింది. ఆ వారంలోనే గేటు దగ్గర ఒక ఆడమనిషి ముడిలో నాలుగు బద్దలు దొరికితే ఆమెను పనిలోంచి తీసేయించాను. ఆ సంగతి నా భార్యకు గొప్పగా చెప్పుకున్నాను కూడా. మా ఆయన అంత ఖచ్చితమైన మనిషి అని ఆమె పక్కింటివాళ్లకు చెప్పుకుంది. ఇప్పుడు నేనే తెచ్చానని ఎలా అనగలను? నీలవేణక్క ఇచ్చింది అన్నాను. అబద్ధమని కూడా అనిపించలేదు. చెప్పులు విప్పుతూ అన్నాను.

అదే సాయంత్రం వాన పట్టుకుంది. మందస నుంచి స్కూటర్ మీద వస్తున్న మావయ్య తడిసి మా ఇంట్లో ఆగాడు. నా భార్య పకోడీ వేసింది, నూక వేసి. ఆయన రెండు తిని, బాగున్నాయమ్మా, ఈ నూక మన దగ్గరదేనా అని అడిగాడు. ఆ అడగడంలో అనుమానం లేదు. ఇప్పటికీ ఆ గొంతు నాకు వినిపిస్తుంది, అందులో ఏమీ లేదు. మనదే మావయ్యా, నేనే తెచ్చాను అని ఉంటే, సరేలే, ఈసారి అడిగి తీసుకో అని ఇంకో రెండు తినేవాడు. మూడేళ్ల తర్వాత ఒక పండక్కి ఆయనే సూపర్‌వైజర్లందరికీ నూక పొట్లాలు కట్టించి ఇచ్చాడు. నా పొట్లం ఇంటికి తెచ్చాను. ఏం చేశానో గుర్తులేదు. తినే ఉంటాం.

నేను నోరు తెరవకముందే నా భార్య నీలవేణక్క ఇచ్చింది మావయ్యగారూ అంది.

నేను ఊరుకున్నాను.

ఇది మొదటి తప్పని మీరు అనవచ్చు. నేను కూడా ఏళ్ల తరబడి దీన్నే తప్పుగా లెక్కపెట్టుకున్నాను, కావాలనే. ఎందుకంటే ఊరుకోవడం భయం వల్ల కూడా జరుగుతుంది. కొత్త పెళ్లాం ముందు, యజమాని ముందు నోరు పెగల్లేదు అని చెప్పుకోవచ్చు. కానీ అది అక్కడితో ఆగలేదు.

మావయ్య పకోడీ విరిచి చూశాడు. ఆవిడ పిక్కలు కొట్టే మనిషి కదా, ఆవిడ చేతికి తొక్కతో ఉన్న పప్పు వస్తుంది, ఈ తెల్లనూక ఎక్కడిది అన్నాడు. తనలో తను అనుకున్నట్టే అన్నాడు. నిజం అక్కడ, ఆ పళ్లెంలో, అందరి కళ్ల ముందు ఉంది. ఆయన ఇంకొక్క అడుగు వేస్తే నా దగ్గరికి వచ్చేవాడు.

అప్పుడు నేను మాట్లాడాను. పెనం మీద వేడి చేసి ఇంటి దగ్గర ఒలుచుకుని ఉంటుంది మావయ్యా అన్నాను.

పెనం మీద ఒలిస్తే పప్పు మీద మాడు మచ్చలు పడతాయి. అది నాకు తెలుసు. ఆయనకు అంత పట్టదనీ తెలుసు. నా పనిలో నేర్చుకున్న తెలివినంతా తీసి ఆమె మీద పెట్టాను. దీన్ని భయం అనగలనా? భయంలో అంత చక్కని మాట పుడుతుందా?

సోమవారం నీలవేణిని పనిలోకి రానివ్వలేదు. మంగళవారం పొద్దున ఆమె గేటు బయట, నేను సైకిల్ దిగే చోట నిలబడి ఉంది. ఏడవలేదు, తిట్టలేదు.

"బావూ, ఒక్క మాట. ఆ నూక నానిచ్చినానంట గదా. నువ్వే సెప్పినావంట. నిజమేటి?"

నేను వాచీ చూసుకున్నాను. మావయ్యతో మాట్లాడు అన్నాను.

"ఆరితో మాటాడినాను. నాను పిక్కలు కొట్టేదాన్ని, నా సేతికి తెల్లపప్పు ఏ దారిన వొత్తాది అనడిగినాను. పెనం మీద ఏపి ఒలిసినావంట గదా అన్నారు." ఆమె నా సైకిల్ హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. "అది ఆరి బుర్రలో పుట్టిన మాట కాదు బావూ. ఆరు పప్పు అమ్ముతారు గానీ ఒలిసీ సంగతి ఎరగరు. ఒలిసీ సంగతి తెలిసినోడెవుడో అందించినాడు."

షెడ్డులోకి వెళుతున్న ఆడవాళ్లు నడక తగ్గించి చూస్తున్నారు.

"ఒక్క మాట సెప్పు సాలు. నాకు పని ఇప్పించొద్దు. నాను తేనేదని ఈల్ల ముందర సెప్పు."

టైమవుతోంది అక్కా అన్నాను. అన్నది అంతే. ఆమె పక్కకు జరిగి సైకిల్‌కు దారి ఇచ్చింది.

కాశీబుగ్గలో ఒక ఫ్యాక్టరీ మాట ఇంకో ఫ్యాక్టరీకి చేరడానికి ఒక పూట చాలు. ఎక్కడా ఆమెకు పని దొరకలేదు. రెండు నెలలు చూసి కూతుర్ని తీసుకుని పల్లెకు వెళ్లిపోయింది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కవిటి వైపు ఊళ్లు తిరిగేదని తెలిసింది. మా ఫ్యాక్టరీ గేటు దగ్గర సోదా ఆ తర్వాత ఇంకా ఎక్కువైంది. చివరికి జడ ముడులు కూడా విప్పించేవారు. అలా విప్పిన ప్రతిసారీ ఆడవాళ్లు, అంతా ఆ నీలవేణి చలవ అనేవారు. నేను పక్కనే నిలబడి వినేవాణ్ని.

ఇంట్లో సంగతి ఇంకోలా ఉండేది. నా భార్యకు పకోడీలో చెయ్యి తిరిగిపోయింది. చుట్టాలు వస్తే ముందు పకోడీయే అడిగేవారు. ఎవరు నేర్పారని అడిగితే ఆమె నవ్వుతూ చెప్పేది, దొంగదైతేనేం, నేర్పిన పని మంచిది అని. ఇరవై ఆరేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ పళ్లెంలోంచి ఇంకొకటి తీసుకున్నాను. చెయ్యి ఆగిందా అంటే, ఆగలేదు. ఒక మనిషి పరువు తీసిన చోట కూర్చుని అన్నేళ్లు ఆకలితో ఎలా తినగలిగాను? జవాబు దొరికితే ఇక్కడ రాసేవాణ్ని.

ఇప్పుడు నేను ఇంకో ఫ్యాక్టరీలో మేనేజర్‌ని. మావయ్య పోయి చాలా ఏళ్లయింది. ఈ ఏడాది వానలు మొదలయ్యాక గ్రేడింగు పనికి ఒక అమ్మాయి వచ్చింది, ఇంటర్ చదివిందట. గ్రేడింగు గదిని చూసుకునే సూరమ్మ ఒకప్పుడు నీలవేణి పక్కన కూర్చుని పిక్కలు కొట్టిన మనిషే. ఆమె నన్ను పక్కకు పిలిచి, ఇది నీలవేణి మనవరాలు, తెల్లపప్పు దగ్గర వద్దు బావూ, కొట్టే షెడ్డులో వేద్దాం అంది.

నేను సరే అన్నాను.

చూశారా, మళ్లీ. ఈసారి భయపడాల్సిన యజమాని లేడు, కొత్త పెళ్లాం లేదు. అయినా సరే అన్నాను, అలవాటైన మాటలా వచ్చేసింది. ఆ అమ్మాయి రెండు రోజులు కొట్టే షెడ్డులో కూర్చుంది. మూడో రోజు ఆమె వేళ్ల మీద మొదటి పొక్కు చూశాను.

ఆ ఆదివారం బస్సెక్కి కవిటిలో దిగి, ఆటోలో నీలవేణి పల్లెకు వెళ్లాను. కొబ్బరితోటలు దాటాక ఇసుకలో ఇల్లు. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. చేతికి సూదులు గుచ్చిన చోట నరం ఉబ్బి ఉంది. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు పలాస వెళ్లి వస్తోందట. గుర్తుపడుతుందా అనుకున్నాను. ముసలోడివి అయిపోయావు బావూ అని నవ్వి, కూతురితో నాకు నీళ్లు తెప్పించింది. తనకు రోజుకు ఇన్నే అని కొలత ఉందట, నన్ను మాత్రం గ్లాసు నిండా తాగమంది.

చెప్పాను. డబ్బా, చెప్పులు విప్పుతూ అన్న మాట, పెనం, అన్నీ. క్షమించమని కూడా అన్నాను. ఆమె మధ్యలో ఆపకుండా వింది. విని, కొంచెం విసుగ్గానే అంది.

"ఇయ్యన్నీ నాకెందుకు సెప్తన్నావు? నాను తేనేదని నాకు తెల్దేటి? తెలీనోల్లకి సెప్పు."

క్షమించమన్న మాట ఆమె అందుకోలేదు. అక్కడే, మా ఇద్దరి మధ్య వదిలేసింది. నేను లేచేటప్పుడు రాసైనా పెడతాను, నీ పేరు మార్చి రాస్తాను అన్నాను.

"మార్సకు. మార్సితే ఇంకెవుల గురించో అనుకుంతారు."

అందుకే మార్చలేదు. నా పేరు మాత్రం రాయలేదు. భార్య కోసం రాయలేదని చెప్పుకోవచ్చు. కాదు. ఇంత రాశాక కూడా నాలో పిరికితనం కొంత మిగిలే ఉంది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లు చదివితే మొదటి పేజీలోనే నన్ను పోల్చుకుంటారు. అంతవరకే నా ధైర్యం.

ముందు నా భార్యకు చెప్పాను. నా నోటితో చెప్పించావు అంది ఆమె. పక్కింట్లో, చుట్టాల ఇళ్లలో, పెళ్లి పందిళ్లలో తను ఎంతమందితో దొంగ అని నవ్విందో తలుచుకుంటోందని నాకు అర్థమైంది. నేను ఒక్కసారి అన్న అబద్ధాన్ని ఆమె చేత ఇన్నేళ్లు నిజమన్నట్టు పలికించాను. మరుసటి రోజు పొద్దునే ఒక్కతే బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లింది. నన్ను రమ్మనలేదు. సాయంత్రం తిరిగి వచ్చింది. అక్కడ ఏం జరిగిందో చెప్పలేదు. ఇంతవరకు నేను అడగలేదు.

తర్వాత ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం అన్నాల వేళ, గ్రేడింగు గది ముందు అందరూ కూర్చుని ఉండగా చెప్పాను. నూక తెచ్చింది నేను, పెనం మాట కల్పించింది నేను అన్నాను. కుర్రవయసు ఆడవాళ్లకు ఏమీ అర్థం కాలేదు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సూరమ్మ ఒక్కతే అన్నం కలపడం ఆపింది.

"ఇన్నేల్లూ ఆ యమ్మని తిట్టుకుంటా ముడి ఇప్పి సూపించినాం బావూ" అంది. కాసేపటికి చెయ్యి కడుక్కుని వచ్చి, అప్పటి కొట్టే షెడ్డులో ఎవరెవరు ఉండేవారో పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. వేళ్లు మడుస్తూ చెప్పింది. ఒకామె కూతురి దగ్గర టెక్కలిలో ఉందంది, ఇంకొకామె బారువ వైపు, ఆమెకు చూపు లేదంది. మిగిలిన పేర్ల దగ్గర వేలు మడిచి, పోయింది, పోయింది అంటూ వెళ్లింది. ఎక్కువమంది ఉద్దానాన్ని పట్టిన కిడ్నీ జబ్బుతోనే పోయారు.

నీలవేణి మనవరాల్ని గ్రేడింగులోకి రమ్మని కబురు చేశాను. రాలేదు. పలాసలో ఒక బట్టల కొట్లో చేరిందట.

టెక్కలి వెళ్లి ఒకామెకు చెప్పి వచ్చాను. బారువ ఆమెకూ చెప్పాను, ఆమె నా గొంతు గుర్తుపట్టలేదు, పేరు చెప్పాల్సి వచ్చింది. చెప్పినప్పుడల్లా గుండె మీద నుంచి కొంచెం ఏదో దిగిన మాట నిజం. తిరుగు బస్సులో కాసేపు కన్ను మూతపడింది కూడా. మిగిలిన ఆడవాళ్లు నీలవేణిని దొంగ అనుకునే చనిపోయారు. వాళ్లకు చెప్పే దారి ఇక లేదు. మీరు బతికి ఉన్నారు, చదువుతున్నారు. మీకు చెప్పాను.